గాలి తగలని స్నానం

27 డిసెంబర్ 2020, ఆదివారం

ఇవాళ కూడా సగం స్నానంలో వేడినీళ్ళు ఆగిపోయాయి. సుమన తలనిండా శీకాయ. చెంబు ముంచి పోయగానే కెవ్వుమంది.

"అమ్మా, ఠండు పాణీ."

చలి పెట్టినా కోపం వచ్చినా దానికి గుజరాతీయే వస్తుంది. సూరత్‌లో పుట్టి పెరిగిన పిల్ల. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. బాలింతకు చన్నీళ్ళు తగిలాయంటే ఇక తల్లినని నేనెందుకు ఉన్నట్టు?

కింద ఉన్న మా ఆయన్ని కేకేశాను. శ్యాంసుందర్ మహాశయుడు జోల్వాలో సాంచెల కార్ఖానాలో మాస్టరు. మొరాయించిన మరమగ్గం ఏదైనా ఆయన చెయ్యి పడితే నడవాల్సిందే, ఆ గర్వం ఇంట్లో కూడా తగ్గదు. మెట్లెక్కి వచ్చి, బాత్రూం తలుపు బార్లా తీసి, గ్యాసు గీజరు కింద నల్లా తిప్పాడు. టకటకమంది, భగ్గున అంటుకుంది. పొగలు కక్కుతూ నీళ్ళొచ్చాయి.

"నాకు వస్తున్నయ్ గదనే. నీకెందుకు రావు?"

"దాన్నే అడుగు."

నవ్వుకుంటూ దిగిపోయాడు. మేము తలుపు వేసుకుని మళ్ళీ మొదలుపెట్టాము. కాసేపటికి మళ్ళీ ఆరిపోయింది. మనిషిని చూసి మండే గీజరును నేనిక్కడే చూస్తున్నాను.

మామూలుగా అయితే మా గల్లీలో బాలింతలకు, చంటిపిల్లలకు నీళ్ళు పోసేది సారక్క. కరోనా వచ్చాక ఎవరింటికీ పోవడం లేదు. ఫోన్లో చెబుతుంది, నేను చేస్తాను. బడికి సెలవు పెట్టాను. ఎలాగూ మా మునిసిపాలిటీ తెలుగు బడి ఇప్పుడు నా ఫోన్లోనే ఉంది.

ఒక్క విషయంలో మాత్రం సారక్క చెప్పనక్కర్లేదు. గాలి. సుమన పుట్టినప్పుడు నాకు నీళ్ళు పోసే దిక్కు లేదు, అమ్మ అప్పటికే పోయింది. అద్దె గది వెనక రేకు చాటున నేనే పోసుకున్నాను. ఆ గాలి ఇంకా నా మెడలో, మోకాళ్ళలో ఉంది. నా బిడ్డకు అలా కాకూడదని దవాఖానా నుంచి వచ్చిన రోజే బాత్రూం గోడలో గాలి వచ్చే జాలీ మొత్తం చీరల తుక్కుతో కుక్కాను. కార్ఖానా నుంచి ఈయన తెచ్చిన మూట దానికి పనికొచ్చింది. తలుపు కింది సందులో కూడా పాత చీర పెడతాను. ఇప్పుడు లోపల దీపం పెట్టినా కదలదు.

28 డిసెంబర్

గీజరుకు సెల్లులు మార్చాడు. తలుపు తీసి చూపించాడు. బ్రహ్మాండంగా వచ్చాయి నీళ్ళు.

29 డిసెంబర్

పాపకు సరిపోయాయి. తల్లికి సరిపోలేదు.

30 డిసెంబర్

ఆయన కొత్త సిద్ధాంతం: కింద వంటింట్లో నల్లా తిప్పితే పైన నీటి జోరు తగ్గుతుంది, జోరు తగ్గితే గీజరు ఆరిపోతుంది. అందుకని మేము స్నానం చేసినంతసేపూ వంటింటి నల్లా దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. ఒక్క చుక్క పడనివ్వలేదట. పైన మాత్రం ఎప్పటిలాగే ఆరిపోయింది.

తర్వాత గీజరుకు నీళ్ళొచ్చే గొట్టం విప్పాడు. జల్లెడలో తెల్లటి ఉప్పు గడ్డకట్టి ఉంది. మాకు వచ్చేవి బోరు నీళ్ళు. వెనిగర్‌లో నానబెట్టి, పళ్ళు తోమే బ్రష్‌తో రుద్ది బిగించాడు. "ఇగ చూడు" అన్నాడు. చూశాము. ఆయనకు వచ్చాయి.

సుమనకు స్నానం అయినప్పటి నుంచి తలనొప్పి. తడి తల కదా. సాంబ్రాణి పొగ బాగా పట్టాను.

1 జనవరి 2021, శుక్రవారం

పొద్దున్నే ఊళ్ళ నుంచి ఫోన్లు, శుభాకాంక్షలు. పోయిన ఏడాది కూడా ఇలాగే చెప్పుకున్నాము.

స్నానం చేసి లేస్తూ సుమన గోడ పట్టుకుంది.

"చక్కర్ వస్తుందమ్మా."

"పచ్చి బాలింతవు. రాదా మరి? తిండి సరిగ్గ తింటలేవు."

"తిన్న గదా ఇప్పుడే."

మంచం మీద పడుకోబెట్టి, వేలికి ఆక్సీమీటర్ పెట్టాను. తొంభై తొమ్మిది. దీపావళికి నాకు కరోనా వచ్చినప్పుడు కొన్నది. ఆ పదిహేను రోజులు దాన్ని దేవుడి దగ్గర దీపం చూసినట్టు చూసుకున్నాము. జ్వరం పోయింది కానీ నాకు వాసన ఇంకా రాలేదు. పోపు మాడిందా లేదా సుమనే చెప్పాలి.

తొంభై తొమ్మిది ఉంది కాబట్టి కరోనా కాదు. ఒంట్లో రక్తం తక్కువ, అంతే. ధైర్యంగా ఉంది నాకు.

2 జనవరి

ఉన్ బస్తీలో రాజలింగం అని మనవాడే గీజర్లు బాగుచేస్తాడు. ఫోన్ చేస్తే అతని ఇంట్లో జ్వరాలట. చంటిపిల్ల ఉన్న ఇంటికి రానన్నాడు. మంచివాడు. ఫోన్లోనే ఒక్కొక్కటీ అడిగాడు. ఈయన స్పీకర్ పెట్టి మెట్ల మీద నిలబడి జవాబులు చెప్పాడు. సెల్లులు మార్చినం. జల్లెడ కడిగినం. జోరు ఉంది.

"బాత్రూంల జాలీ ఉన్నదా అన్నా? గాలి ఆడాలె దానికి."

ఈయన నా వైపు చూశాడు.

"ఉంది" అన్నాను.

ఉంది మరి. జాలీ లేకుండా ఎవరు కడతారు బాత్రూం?

3 జనవరి, ఆదివారం

రాజలింగం వచ్చేదాకా గీజరు జోలికి పోవద్దనుకున్నాము. వంటింట్లో పెద్ద గిన్నెతో నీళ్ళు మరిగించి, ఆయనొక చెవి, నేనొక చెవి పట్టుకుని మెట్లెక్కించాము. మా వడోద్ వరస ఇళ్ళ మెట్లు పిల్లి ఎక్కేంత వెడల్పే ఉంటాయి. నా మోకాళ్ళు అయ్యో అన్నాయి.

4 జనవరి

పొయ్యి మీది నీళ్ళే. సుమన మొహం ఇవాళ కళగా ఉంది. తలనొప్పి లేదట. ఒక పూట కూడా పడుకోలేదు, ఫోన్లో వాళ్ళాయనతో గంటలకొద్దీ నవ్వింది. తిరుమల భీవండీలో ఒక బట్టల కంపెనీలో లెక్కలు రాస్తాడు. పాపను ఇంకా ఫోన్లోనే చూశాడు.

5 జనవరి

ఇవాళ కూడా బాగుంది. కళ్ళు తిరగలేదు. నేను చేసిన కాయం పనిచేసింది. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, పాత బెల్లం, నెయ్యి. వాసన తెలియకపోయినా పాకం చేత్తో పట్టి చూసి దించాను. ఈ కాలం పిల్లలు మాత్రలంటారు. సారక్కకు ఫోన్ చేసి గొప్పగా చెప్పుకున్నాను. చెప్పుకోవద్దా?

6 జనవరి

మెట్ల మీద గిన్నె ఒరిగి నా పాదం మీద వేడినీళ్ళు పడ్డాయి. బొబ్బ లేచింది. ఆయన మొహం మాడిపోయింది.

"ఇంక చాలు. గీజరు విప్పుత నేను" అన్నాడు.

"రాజలింగం వస్తడు గదా."

"వచ్చేదాక నీ కాళ్ళు కాల్చుకుంటవా?"

డ్యూటీ నుంచి రాగానే విప్పి కూర్చున్నాడు. నేను మంచం మీద కాలు చాపుకుని చూశాను. ఈ మనిషి పని చేస్తుంటే చూడటం నాకు ఇష్టం, ఆయనకు చెప్పను. ఒక్కో మరా వరసగా పేపరు మీద పెట్టాడు, సాంచె విప్పినప్పుడు కూడా అంతే పద్ధతి. చాలాసేపటికి "దొరికింది" అన్నాడు.

లోపల రెండు తీగలున్న చిన్న బిళ్ళ. ఏదైనా తేడా వస్తే గ్యాసు కట్టేసేది అదేనట.

"మా సాంచెకు గూడ ఉంటది గిసుంటిదే. పోగు తెగితే సాంచె ఆపుతది. పాతదయితే పోగు తెగకున్నా ఆపుతనే ఉంటది. దాన్ని కట్టేస్తం, సాంచె నడుస్తది. దీని రోగం గూడ గదే."

"కట్టేస్తే ఏంకాదా?"

"ముప్పై ఏండ్ల నుంచి కట్టేస్తున్న."

బిళ్ళ తీసేసి తీగలు రెండూ మెలిపెట్టి టేపు చుట్టాడు. సుమన కిందినుంచి "బాపు, హో గయా?" అని అరిచింది. హో గయా.

7 జనవరి, గురువారం

ఒక్కసారి కూడా ఆగలేదు. పాపకు పోశాను, తల్లికి పోశాను, ఇంకా వస్తూనే ఉన్నాయి. తలుపు వేసుకుని, సందులో చీర దోపి, చెమటలు పట్టేదాకా వేడి చేసి, వీపంతా నూనె కరిగేలా పోశాను. నా బిడ్డకు నేను పోయాలనుకున్న స్నానం ఇదే. నాకు పోయాల్సిన మనిషి గుర్తొచ్చి కళ్ళు తడిశాయి, నీళ్ళలో ఎవరికీ తెలియలేదు.

గీజరు అద్దంలోంచి మంట పసుపుపచ్చగా కనిపించింది. మొన్నటిదాకా నీలంగా ఉండేది. పచ్చగానే బాగుంది. అద్దం చుట్టూ కొంచెం మసి, తుడిచేశాను.

రాత్రి వంట మానేసి ఆయనకిష్టమని బయటనుంచి లోచో టిఫిన్ తెప్పించాను. కర్ఫ్యూ టైముకు ముందే పరుగెత్తి తెచ్చుకున్నాడు. మాస్టరుగారికి సన్మానం.

8 జనవరి

పాప స్నానం అయ్యాక ఎంత మంచి నిద్ర పోతోందో. పాలకు కూడా లేవడం లేదు. పాదాలు గిల్లితే కళ్ళు తెరిచి మళ్ళీ మూస్తోంది.

నాకూ తలనొప్పి. కళ్ళద్దాలు మార్చాలి.

9 జనవరి, శనివారం

సుమన పొద్దున వాంతి చేసుకుంది. నడుస్తుంటే కాళ్ళు తేలుతున్నాయట. ఈసారి భయపడ్డాను. గల్లీ చివరికి మునిసిపాలిటీ బండి వస్తే అందరం ముక్కులో పుల్ల పెట్టించుకున్నాము. అందరికీ నెగెటివ్. ఆక్సీమీటర్ సుమనకు తొంభై ఎనిమిది, నాకు తొంభై తొమ్మిది.

"అన్నీ మంచిగనే ఉన్నయ్ గదా. మరి నాకెందుకు గిట్ల అయితుంది?" అంది.

"నజర్ తగిలింది" అన్నాను. ఎర్రనీళ్ళతో దిష్టి తీశాను. ఇంకేం చెయ్యాలో నాకు తెలియలేదు. రేపు ఇంకొంచెం ఎక్కువసేపు కాపడం పెట్టి పోస్తాను.

13 జనవరి, బుధవారం

ఇంట్లోనే ఉన్నాము. ముగ్గురమూ బతికి ఉన్నాము. ముందు అది రాయాలి.

ఆదివారం పాపకు నీళ్ళు పోసి, తువ్వాల్లో చుట్టి, తలుపు కొంచెం తీసి ఆయన చేతికిచ్చాను. మళ్ళీ తలుపు వేశాను. సుమన పీట మీద కూర్చుంది. నడుముకు కాపడం పెడుతున్నాను. నల్లా ధార అలా పడుతూనే ఉంది. సుమన తల నా మోకాలికి ఆనించింది. నిద్రొస్తోందేమో అనుకున్నాను. పిలుద్దామనుకున్నాను. చెంబు చాలా బరువుగా అనిపించింది. అంతవరకే నాకు తెలుసు.

మిగిలింది ఆయన చెప్పాడు. పక్కగదిలో పాపను జోకొడుతున్నాడట. బకెట్లో ధార చప్పుడు వస్తోంది కానీ చెంబు చప్పుడు లేదు. సాంచెల మధ్య బతికిన చెవి. వంద నడుస్తుంటే వాటిలో ఒక్కటి చప్పుడు మార్చినా లేచి పోయే మనిషి. "విజయా" అని పిలిచాడట. రెండోసారి పిలవకుండా తలుపు తోశాడట. సందులో దోపిన చీర అడ్డం పడితే భుజంతో తోశాడట. నేను గోడకు, సుమన నా మీద.

ఆయనే గ్యాసు కట్టేసి, ఇద్దరినీ ఈడ్చి గది పక్కనే ఉన్న ఆరుబయటి మేడ మీదికి తెచ్చి పడేశాడు. పక్కింటి వాళ్ళు రిక్షా పిలిచారు. దవాఖానా గేటు దగ్గర కరోనా అనుకుని మమ్మల్ని అటు పంపబోయారు. వేలికి పెట్టి చూస్తే తొంభై తొమ్మిది. జ్వరం లేదు. అప్పుడు ఒక చిన్న వయసు డాక్టరమ్మ వచ్చి ఆయన్ని అడిగింది.

"నహా రహే థే క్యా? బాత్రూమ్ మే గ్యాస్ గీజర్ హై?"

స్నానమే చేస్తున్నారు, గీజరు ఉందన్నాడు ఆయన. అంతే, మా ముక్కులకు ఆక్సిజన్ పెట్టించింది. ఆ రోజుల్లో ఆక్సిజన్ అనే మాట వింటేనే భయం, నాకు మెలకువ వచ్చేసరికి ఆ గొట్టం నా మొహానికే ఉంది. పక్క మంచం మీద సుమన. దాని చెయ్యి కదిలేదాకా నేను ఊపిరి పీల్చినట్టు గుర్తు లేదు.

తర్వాత డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. గాలి చాలని చోట గ్యాసు మండితే విషవాయువు పుడుతుందట. ఒంట్లో రక్తం దాన్నే ఆక్సిజన్ అనుకుని పట్టుకుంటుందట. వేలికి పెట్టే ఆక్సీమీటర్ కూడా పాపం అలాగే మోసపోతుందట. మంట పచ్చగా మారడం, తలనొప్పి, వాంతి అన్నీ అదే. పాప రక్తం కూడా తీసి చూశారు. కొంచెమే చేరింది, పోతుందన్నారు. కొంచెమే.

"మేడమ్, కరోనా వచ్చినప్పటి నుంచి నాకు వాసన తెలియదు. తెలిస్తే కనిపెట్టేదాన్ని" అని హిందీలో చెప్పాను.

"ఆ వాయువుకు వాసనే ఉండదమ్మా" అంది.

ఇంకా అడిగింది. ఈ గీజర్లు గాలి తక్కువైతే వాటంతటవే ఆరిపోవాలే, మరి మీది ఎందుకు ఆరలేదు? ఆయన తల దించుకున్నాడు. "సెన్సర్ కా వైర్ మైనే జోడా, మేడమ్" అన్నాడు. తీగలు తనే కలిపానంటూ ఏడ్చాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆ మనిషి ఏడవడం నేను చూడలేదు. అందరూ ఆయన వైపే చూశారు. బాత్రూంకు వెంటిలేటర్, అదే జాలీ, ఉందా అని ఆమె అడిగితే, ఉందన్నాడు.

నేను కళ్ళు మూసుకున్నాను.

14 జనవరి

ఉత్తరాయణ్. అన్ని మేడల మీదా జనం, పతంగులు, పాటలు. గుంపులు కూడొద్దన్నారు, ఎవరు వింటారు? మా మేడ ఒక్కటే ఖాళీ. ఆయన గీజరు పీకేశాడు. రాజలింగం వచ్చాక బయటి గోడకు పెట్టిస్తాడట.

నిన్న అంత రాశాను, ఒకటి రాయలేదు. జాలీలో తుక్కు కుక్కింది నేను. గీజరు రోజూ ఆరిపోయింది చెడిపోయి కాదు. ఆయన వచ్చి తలుపు తీసినప్పుడల్లా మండింది, మేము మూసినప్పుడల్లా ఆరిపోయింది. అది సరిగ్గానే పనిచేసింది. ఇంత చిన్న సంగతి. నాలుగో తరగతి పిల్లలకు గ్లాసు బోర్లించి కొవ్వొత్తి ఆర్పి చూపిస్తాను నేను, ఏటేటా.

ఇంటికి రాగానే పైకి వెళ్ళి చూశాను. జాలీ ఖాళీగా ఉంది. మేము దవాఖానాలో ఉండగానే ఆయన తుక్కు మొత్తం పీకి పారేశాడు. నాతో ఒక్క మాట అనలేదు. ఎవరితోనూ అనలేదు.

15 జనవరి, శుక్రవారం

తిరుమల భీవండీ నుంచి వచ్చాడు. రాగానే చేతులు కడుక్కుని, మాస్కు తీయకుండా పాపను ఎత్తుకున్నాడు.  పాపను దించకుండానే అన్నాడు.

"మామా, అది సాంచె అనుకున్నవా, మనుషులు స్నానం చేసే జాగ అనుకున్నవా? నా పెండ్లాం, నా బిడ్డ. వైరు కట్టేసినవ్ గదా, ఏమన్న అయితే ఎవరికి చెప్పుకోవాలె నేను?"

ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కార్ఖానాలో నలభై మందిని గద్దించే మనిషి. "తప్పయింది బిడ్డా" అన్నాడు.

ఆదివారం ఇద్దరినీ తీసుకుపోతానన్నాడు తిరుమల.

నేను చాయ్ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను.

16 జనవరి

పొద్దున టిఫిన్ దగ్గర ఈయన కనిపించలేదు. మేడ మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. అల్లుడి ఎదుట పడలేక. పిలిస్తే ఆకలి లేదన్నాడు. ఆ మాట విని నేనూ టిఫిన్ వదిలేశాను. చెయ్యి కడుక్కుని వచ్చాను.

"తిరుమలా, నీతోని మాట్లాడాలె. సుమనా, నువ్వు గూడ విను."

"ఏంది అత్తమ్మా?"

"బాత్రూం జాలీల బట్ట కుక్కింది నేను. గాలి రాకుంట చేసింది నేను. రాజలింగం అడిగితే జాలీ ఉన్నదని చెప్పింది గూడ నేనే. మీ మామ వైరు కట్టింది నా కాలు కాలిందని. ఎవరినన్న అనాలంటే నన్ను అనండి."

 తిరుమల ప్లేటు పక్కకు జరిపాడు. అత్తను అనడానికి అతనికి నోరు రాలేదు. అంటే బాగుండేది. నేను సుమన వైపు చూడలేకపోయాను.

"నాకు ఎరుకే అమ్మా" అంది సుమన.

"ఏం ఎరుక?"

"జాలీల బట్ట ఉన్నదని. రోజు నా ఎదురుంగనే గదా ఉన్నది. ఊపిరి ఆడుతలేదని నాకు రోజు అనిపించింది. ఒక్కసారి తీద్దామని లేచిన గూడ. నువ్వు ఒద్దన్నవని కూసున్న. నువ్వు చెప్తే కరెక్టే ఉంటదని."

 నువ్వే చంపబోయావు అన్నా ఇంత తగిలేది కాదు. పిల్ల నా మాట మీద ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది.

తిరుమల లేచి, ఇంకో ప్లేటులో ఇడ్లీలు పెట్టుకుని మేడ మీదికి వెళ్ళాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో తెలియదు. ఖాళీ ప్లేటు దిగివచ్చింది.

17 జనవరి, ఆదివారం

సుమన సంచి సర్దలేదు.

"అక్కడ నువ్వు డ్యూటీకి పోతే నేనూ పాపా ఒక్కలమే గదా. ఇక్కడ్నే ఉంట. ఇగనుంచి తలుపు నేను చెప్పినట్టు ఉండాలె, గంతే" అంది మొగుడితో. నాతో కాదు. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

తిరుమల సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు "పోయొస్త అత్తమ్మా" అన్నాడు. కళ్ళల్లోకి చూడలేదు, కానీ అన్నాడు.

నేను రెండు రోజులుగా పాపను ఎత్తుకోలేదు. ఏడిస్తే సుమననే పిలుస్తున్నాను. కాలి బొబ్బ నొప్పి అంటున్నాను. బొబ్బ ఎప్పుడో మానింది.

18 జనవరి

పొయ్యి మీద నీళ్ళు కాచాము. ఆయనే రెండు బకెట్లుగా పైకి మోశాడు. మధ్యాహ్నం ఎండ బాత్రూం గడప దాకా వచ్చింది. జాలీలోంచి పక్కింటి వాళ్ళ కుక్కర్ కూతలు వినిపిస్తున్నాయి.

సుమన పాపకు తనే స్నానం చేయించింది. బోర్లా కాళ్ళ మీద వేసుకుని, భయంభయంగా. చెంబు మరీ పైనుంచి పోసింది. నేను గదిలోంచి చూసి నోరు మూసుకున్నాను. తువ్వాలు చుట్టి తెచ్చి, అడగకుండానే నా ఒళ్ళో పెట్టేసింది.

"పట్టుకో. నేను చేసి వస్త. గిక్కడ్నే కూసో, ఎటూ పోకు."

తలుపు సగం తీసి, పరదా వేసుకుంది. నేను బయట చాప మీద కూర్చున్నాను. పాప కళ్ళు తెరిచి చూస్తోంది. చలిగాలి తగిలి ఒకసారి తుమ్మింది. కప్పబోయి, మళ్ళీ మొహం తెరిచే ఉంచాను.

చెంబు చప్పుడు వినిపిస్తోంది. వింటూ కూర్చున్నాను. ఒక చెంబు. ఇంకొకటి. మధ్యలో కొంచెం ఆగింది.

"సుమనా."

"ఏందమ్మా?"

"ఏం లేదు."

మళ్ళీ చెంబు. మళ్ళీ ఆగింది. ఈసారి పిలవలేదు.  కానీ లేచే నిలబడ్డాను, ఎప్పుడు లేచానో తెలియదు.

"అమ్మా."

"ఉన్న."

"వీపు అందుతలేదు. లోపటికి రా, నువ్వే పొయ్యి."

నేను కదలలేదు. మళ్ళీ పిలిచింది, ఈసారి విసుక్కుంటూ, చిన్నప్పుడు జడ వేయడం ఆలస్యమైతే విసుక్కున్నట్టు. నీళ్ళు చల్లారిపోతున్నాయట. మెట్ల దగ్గర నిలబడ్డ ఆయనకు పాపను ఇచ్చి, పరదా పక్కకు లాగి, తలుపు పూర్తిగా తీసి, లోపలికి వెళ్ళాను.